నిమ్మ తొక్కా, ఉప్పుగాలా? వేసవి సెంటు కొనే ముందు

చిన్నప్పుడు బత్తాయి తొక్కతో ఒక ఆట ఉండేది. కరెంటు పోయి కొవ్వొత్తి వెలిగించగానే తొక్కను మంట దగ్గర పెట్టి మడిచి నొక్కేవాళ్లం. చిటపటమని చిన్న చిన్న రవ్వలు లేచేవి. అదే తొక్కను చెల్లెలి కంట్లో పిండితే వీపు విమానం మోత మోగేది, అది వేరే సంగతి. ఆ రవ్వలు లేపేది తొక్కలో ఉండే నూనె. అందులో సింహభాగం లిమోనిన్ అనే పదార్థం. ఎంత సులువుగా అంటుకుంటుందో అంత సులువుగా ఆవిరైపోతుంది. ఎండాకాలం సెంటు కొందామని షాపుకెళ్లి, నిమ్మ వాసన ముక్కుకు తగలగానే "ఆహా, ఇదే" అని కార్డు తీసేవాళ్లు కొంటున్నది ఆ రవ్వల్నే. పావుగంటలో అవి ఆరిపోతాయి. తర్వాత నాలుగు గంటలు ఒంటి మీద ఉండేది వేరే వాసన.

నాకు ఈ సంగతి బోధపడడానికి ఒక మే నెల పట్టింది. హైదరాబాద్‌లో ఒక మాల్, లోపల చలి పుట్టేంత ఏసీ. సేల్స్ కుర్రాడు కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చిన "ఓషన్" సెంటు అద్భుతంగా ఉంది. ముందు దబ్బకాయ తొక్క గిల్లినట్టు, వెనకాలే భీమిలి రోడ్డులో బండి మీద వెళ్తుంటే మొహానికి కొట్టే గాలిలా. కొనేశాను. మర్నాడు అది కొట్టుకుని మధ్యాహ్నం బస్సులో విజయవాడ బయల్దేరాను. సూర్యాపేట దాటేసరికి నిమ్మా లేదు, గాలీ లేదు. చొక్కాలోంచి తియ్యగా, కాస్త మగ్గిన పండు వాసన. ఇల్లు చేరగానే మా చెల్లి తలుపు తీసి, "ఏంటన్నయ్యా, ఖర్బూజా తెచ్చావా?" అని నా చేతిలో సంచీ కోసం చూసింది.

ఆ సీసా పేరు చెప్పను. తప్పు దానిది కాదు. చల్లటి గదిలో కాగితం మీద వాసన చూసి 42 డిగ్రీల ఎండలోకి సెంటు కొనుక్కున్న నాది. అప్పట్నుంచి వేసవి సెంటు విషయంలో ఒక్కటే చూస్తున్నాను: నిమ్మ ఎగిరిపోయాక అడుగున ఏం మిగులుతుంది?

సీసా మీద "లెమన్" అంటే మన నిమ్మ కాదు

ముందు ఈ తికమక తీర్చుకోవాలి. లేబుల్ మీద లెమన్ అని చూడగానే మనకు గూడూరు నిమ్మకాయ గుర్తొస్తుంది. మనం పప్పులో పిండుకునే, ఊరగాయ పెట్టే ఆ చిన్న కాయ వాళ్ల లెక్కలో లైమ్. సెంట్లలో ఎక్కువగా వాడే, ఇటలీకి చెందిన సిసిలీ దీవి లెమన్ వేరే జాతి. పెద్దది, మందపాటి పసుపు తొక్క, కొస మొనదేలి ఉంటుంది. దాని వాసనలో మన నిమ్మకుండే పచ్చి ఘాటు తక్కువ, మెత్తటి తీపి ఎక్కువ. "సిసిలీ నిమ్మ అన్నారు, ఎక్కడా నిమ్మకాయలా లేదే" అని తిట్టుకునేవాళ్లకు ఇదే జవాబు. పోనీ లైమ్ ఉన్నదే కొందామా అంటే దానికో చిక్కుంది. ఆవిరి పట్టి తీసిన లైమ్ నూనెను కూల్‌డ్రింకుల్లో ఎడాపెడా వాడతారు. అందుకని మన ముక్కుకు అది కాయలా కంటే సోడాబుడ్డిలా తోస్తుంది.

బెర్గమాట్ అనేది ఇంకో పేరు, దాదాపు ప్రతి సీసా వివరాల్లోనూ కనిపిస్తుంది. ప్రపంచంలో పండే బెర్గమాట్‌లో ఎక్కువ భాగం ఇటలీ దక్షిణపు కొసన, కలాబ్రియా తీరంలో ఒక సన్నటి పట్టీలోనే పండుతుంది. ఎర్ల్ గ్రే టీ తాగినవాళ్లకు ఆ వాసన తెలిసినదే. తాగనివాళ్లు దబ్బకాయ తొక్కను గోటితో గీరి, అందులో కాస్త పూల వాసన కలిపి ఊహించుకుంటే చాలావరకు దగ్గరికొస్తారు. నెరోలి అంటే నారింజ పూల నుంచి తీసినది. బజార్లో అమ్మే కమలాలు కావు, పులిహోరలో పిండుకునే పుల్ల నారింజ జాతి. ఆ చెట్టు ఆకులు, లేత రెమ్మల నుంచి వచ్చేది పెటిగ్రెయిన్, ఆకు నలిపినట్టు కాస్త చేదుగా ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ అయితే మన పంపరపనసకు పుట్టిన బిడ్డే, పంపరపనసకూ తీపి నారింజకూ కలిసిన సంకరం. ఇన్ని చుట్టరికాలున్నా, ఇవన్నీ పైన తేలే వాసనలు. ఎంత ఖరీదైన సీసాలో ఉన్నా ముందు వెళ్లిపోయేవి ఇవే.

ఒక హెచ్చరిక కూడా. "ఇంట్లోనే నిమ్మ తొక్కలతో సహజమైన పర్‌ఫ్యూమ్" అనే వీడియోలు వేసవి రాగానే ఊరేగుతుంటాయి. చెయ్యొద్దు. లైమ్, బెర్గమాట్ తొక్క నూనెల్లో ఫ్యూరోకౌమరిన్‌లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి నల్ల మచ్చలు నిలిచిపోతాయి. పేరున్న కంపెనీలు వాడే బెర్గమాట్‌లో వాటిని తీసేస్తాయి, లేదా హద్దుల్లో ఉంచుతాయి. మన వంటింట్లో ఆ ఏర్పాటు లేదు.

సీసాలో సముద్రం ఎక్కడిది

నిజం సముద్రపు వాసనకు పెద్ద కారణం డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు. నీళ్లలోని ప్లవకాలు, వాటిని తినే సూక్ష్మజీవులు దాన్ని పుట్టిస్తాయి. క్యాబేజీ ఉడుకుతున్నప్పుడు వచ్చే వాసనలోనూ అది ఉంటుంది. దానికి నాచు, తడి ఇసుక, ఎండుచేపలు కలిస్తే మన రేవుల వాసన. విశాఖ ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర పొద్దున్నే ఐదింటికి నిలబడితే తెలుస్తుంది. నేను పుట్టి పెరిగిన ఊరు కాబట్టి నాకది ఇష్టమే. సీసాలో పోసి ఇస్తే మాత్రం నేనూ కొనను.

మరి "మెరైన్", "ఆక్వాటిక్", "ఓషన్" అని అమ్మేది ఏమిటి? చాలావరకు కాలోన్ అనే ఒకే ఒక్క పదార్థం. 1966లో ఫైజర్ మందుల కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. ఇంకో పేరు వాటర్‌మెలన్ కీటోన్, అంటే పుచ్చకాయ కీటోన్. పేరులోనే గుట్టంతా ఉంది. కొద్దిగా వేస్తే చల్లటి గాలి, తడి, ఆల్చిప్ప లోపలి భాగంలాంటి భావన. మోతాదు పెరిగినా, వేడికి పైనున్న నిమ్మ త్వరగా ఎగిరిపోయినా ఖర్బూజా. మా చెల్లి ముక్కు సరిగ్గానే పట్టింది. 1988లో అరామిస్ కంపెనీ న్యూ వెస్ట్ అనే సెంటులో దీన్ని ధారాళంగా వాడారు. 1992లో ఇస్సే మియాకే ఆడవాళ్ల సెంటు లో డిస్సే వచ్చాక 90ల దశకమంతా నీళ్ల వాసనే.

"సాల్ట్" అని రాసి ఉంటే అది ఇంకా చిత్రం. ఉప్పుకు వాసన లేదు. కొంచెం నాచు, కొంచెం కలప, కొంచెం ఆంబ్రాక్సాన్ కలిపి ఉప్పు ఉన్నట్టు భ్రమ పుట్టిస్తారు. ఆంబ్రాక్సాన్ అనేది తిమింగలం నుంచి వచ్చే ఆంబర్‌గ్రిస్‌లోని పరిమళానికి ప్రత్యామ్నాయం, ఇప్పుడు ఎక్కువగా క్లారీ సేజ్ అనే మొక్క నుంచి చేస్తున్నారు. ఆంబర్‌గ్రిస్ దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి ఎవరైనా "అసలు తిమింగలం అంబరు వేసిన అత్తరు" అంటే అబద్ధమైనా అయి ఉండాలి, నేరమైనా అయి ఉండాలి. రెండూ మనకు వద్దు.

ఐదు సీసాలు, ఒక వేసవి

కిందటి వేసవిలో ఐదు సెంట్లు ముందు పెట్టుకుని వరసగా వాడాను. కొన్ని నావి, ఒకటి మా బావ దుబాయ్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో కొన్నది, ఒకటి స్నేహితుడి దగ్గర పది మిల్లీలీటర్లు అడుక్కున్నది. నాలుగు రోజులు విజయవాడలో, మిగతావి హైదరాబాద్‌లో. పొద్దున స్నానం చేశాక మోచేతి మడతలో రెండు స్ప్రేలు, చొక్కా మీద ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంటకు వాసన చూడడం, సాయంత్రం ఉతికే ముందు చొక్కా చూడడం. అంతే పరీక్ష.

మొదట 4711. జర్మనీలో కొలోన్ నగరం సరుకు (పైన చెప్పిన పుచ్చకాయ కాలోన్ వేరు, ఈ కొలోన్ వేరు). ఆ ఊళ్లో ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం 1709లో పెట్టిన దుకాణం నుంచే ఈ రకం సెంట్లకు "కొలోన్ నీళ్లు" అనే పేరు స్థిరపడింది. 4711 వాళ్లది కాదు, తర్వాత వచ్చిన పోటీదారులది. మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. జ్వరం వస్తే నుదుటి మీద యూడీకొలోన్ తడిగుడ్డ వేసేవారు కదా, ఆ కుటుంబం. నిమ్మ, నారింజ, బెర్గమాట్, నెరోలి, కాస్త రోజ్‌మెరీ, లావెండర్. సముద్రం జాడే లేదు. కొట్టుకున్న క్షణం మాత్రం ఈ ఐదింటిలో దీనికి సాటి లేదు, చల్లటి నీళ్లు ఒంటి మీద పడ్డట్టే. నలభై నిమిషాల తర్వాత వెతికినా దొరకదు. అడుగున ఏం మిగులుతుంది అన్న నా ప్రశ్నకు దీని జవాబు: ఏమీ మిగలదు. విచిత్రంగా అదే దీని గొప్ప. చెడిపోవడానికి అడుగే లేదు. చవక కాబట్టి పూటకు మూడుసార్లు పోసుకున్నా గుండె బరువెక్కదు. నేను ఫ్రిజ్ తలుపులో ఉంచుతాను, ఆవకాయ జాడీ పక్కన. మా అమ్మ ఇప్పటికీ దాన్ని తలనొప్పి మందులాగే వాడుతుంది.

రెండోది డోల్చే అండ్ గబ్బానా లైట్ బ్లూ, ఆడవాళ్లకని 2001లో ఒలివియే క్రెస్ప్ చేసినది. ప్రకటనల్లో కాప్రి దీవి, తెల్ల పడవ, నీలి నీళ్లు. సీసాలో మాత్రం సముద్రం ఏమంత లేదు. సిసిలీ నిమ్మ, కొరికితే పళ్లు పులిసే ఆకుపచ్చ ఆపిల్, వెనక మల్లెజాతి పూలు, అడుగున దేవదారు, మస్క్. దీని బలమంతా ఆ అడుగులోనే ఉంది. నిమ్మ పోయినా ఆపిల్ పులుపు ఇంకాసేపు నిలబడి, నిమ్మ ఇంకా ఉందేమో అని భ్రమపెడుతుంది. మధ్యాహ్నానికి కొత్తగా చెక్కిన పెన్సిల్ పొట్టు, ఎండలో ఆరిన బట్ట కలిసినట్టు ఉంటుంది. చెమటలో కూడా తియ్యబడదు. విజయవాడ ఉక్కలో దీన్ని కొట్టుకున్న రోజున మా చెల్లి ఏమీ అనలేదు. మా ఇంట్లో అది మెచ్చుకోలు కిందే లెక్క. ఆడవాళ్ల సెంటు మగవాడు కొట్టుకోవడమేమిటి అంటే, నిమ్మకు, దేవదారుకు ఆడా మగా ఏమిటి? అంతగా మొహమాటమైతే 2007లో వచ్చిన మగవాళ్ల లైట్ బ్లూ ఉంది. అందులో గ్రేప్‌ఫ్రూట్, మిరియం ఎక్కువ, కాస్త పొడిగా ఉంటుంది.

జడలో మల్లెలు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కాలోన్ ఎక్కువున్న సముద్రపు సెంట్లకు, నిజం మల్లెపూలకు అస్సలు పొసగదు. పూలు వాడిపోయాయేమో అన్న అనుమానం వస్తుంది. లైట్ బ్లూ అయితే ఆ పేచీ పెట్టదు.

మూడోది ఆక్వా డి జియో. నిమ్మ, సముద్రం రెండూ కావాలి, ఒకే సీసాలో కావాలి అంటే అందరూ చివరికి దీని దగ్గరికే వస్తారు. 1996లో జార్జియో అర్మానీ కోసం ఆల్బెర్టో మోరియాస్ చేసినది. అర్మానీ సెలవులకు వెళ్లే పాంటెల్లేరియా దీవి దీనికి ప్రేరణ. సిసిలీకీ ట్యునీషియాకీ మధ్య ఉంటుంది ఆ దీవి, నల్లటి అగ్నిపర్వతపు రాళ్లతో. బెర్గమాట్, లైమ్, నెరోలి పైన, మధ్యలో కాలోన్, మల్లె, రోజ్‌మెరీ, అడుగున దేవదారు, ప్యాచులి. నాకు ఖర్బూజా చేదు అనుభవం ఉంది కాబట్టి భయపడుతూనే కొట్టుకున్నాను. ఇందులోనూ పండు ఉంది, కాదనను. కానీ రోజ్‌మెరీ పచ్చిదనం, ప్యాచులి మట్టివాసన దాన్ని రెండు వైపులా పట్టుకుని ఉంచుతాయి. నాలుగైదు గంటల తర్వాత ఉప్పునీళ్లలో తడిసి ఆరిన చొక్కాలా ఉంటుంది. విశాఖలో స్నానాలయ్యాక ఇంటికొచ్చేటప్పటి వాసన అది. నాకు ఆ ఒక్కటి చాలు.

దీని లోపం ఒక్కటే, ఎక్కడ చూసినా ఇదే. ఆఫీసు లిఫ్టులో మీ పక్కన నిలబడ్డవాడు కూడా ఇదే కొట్టుకుని ఉంటాడు. పైగా ఇప్పుడు ఈ పేరుతో ఇడిటి (ఓ ద టాయిలెట్), ఇడిపి (ఓ ద పర్‌ఫ్యూమ్), పర్‌ఫ్యూమ్ అని రకరకాలు అమ్ముతున్నారు. గాఢత పెరిగితే ఎక్కువసేపు ఉంటుంది, నిజమే. కాని గాఢమైన రకాల్లో ధూపం, కలప ముందుకొచ్చి నిమ్మ వెనక్కి పోతుంది. మే నెల మధ్యాహ్నానికి మామూలు ఇడిటియే మేలు.

ఈ అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సీసా మీద "టాయిలెట్" అని చూసి నవ్వుకోనివాళ్లు మనలో తక్కువ. ఫ్రెంచిలో ఆ మాటకు ముస్తాబు అని అర్థం. కొలోన్‌లో సుగంధ నూనెలు సుమారుగా 2 నుంచి 5 శాతం, ఇడిటిలో 5 నుంచి 15, ఇడిపిలో 15 నుంచి 20 ఉంటాయి. ఎక్కువ శాతం అంటే ఎక్కువ మంచిదని కాదు. ఎక్కువ అడుగు అని అర్థం.

నాలుగోది డేవిడాఫ్ కూల్ వాటర్, 1988, చేసినది పియెర్ బూర్డాన్. పాపం దీనిది తాతగారి కష్టం. పుదీనా, లావెండర్, డైహైడ్రోమిర్సినాల్ అనే చల్లటి లోహపు వాసన, అడుగున మస్క్, పొగాకు. ఇది ఎంతగా నచ్చిందంటే, ఆ తర్వాత షేవింగ్ క్రీములు, డియోడరెంట్లు, బట్టల సబ్బులు అన్నీ దీని దారి పట్టాయి. ఇప్పుడు అసలుదాన్ని వాసన చూసినా "ఏదో డియో లాగుందే" అనిపిస్తుంది. నిమ్మ తక్కువ, చలవ ఎక్కువ. నాకు మంగలి షాపులో షేవింగ్ అయ్యాక చెంపకు రాసే లోషన్ గుర్తొస్తుంది, అది ఇష్టమైనవాళ్లకు ఇది వరం. ధర కూడా లైట్ బ్లూ, ఆక్వా డి జియోల కంటే బాగా తక్కువ. కాలేజీ కుర్రాడికి మొదటి సీసాగా ఇదే చెబుతాను.

ఐదోది జో మలోన్ వుడ్ సేజ్ అండ్ సీ సాల్ట్, 2014, క్రిస్టీన్ నాజెల్ చేసినది. ఇంగ్లండ్ తీరం గురించిన సెంటు, మన సముద్రం కాదు. మబ్బు పట్టిన ఆకాశం, రాళ్లు, గాలి. నిమ్మ వెతకొద్దు, మొదట్లో కాస్త గ్రేప్‌ఫ్రూట్ చేదు తప్ప ఏమీ లేదు. ఖర్బూజా అసలే లేదు. ఇందులో వాడే ఆంబ్రెట్ గింజలు మన కస్తూరి బెండ గింజలే. పల్లెల్లో దొడ్ల వెంట పెరిగే మొక్క లండన్ సీసాలో కనిపిస్తే కాస్త గర్వంగానే ఉంటుంది. ఆశ్చర్యమేమిటంటే, విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద ఆటు వచ్చాక కూర్చుంటే ఉండే తడి రాతి వాసనకు ఈ ఐదింటిలో ఇదే దగ్గర. రెండు మూడు గంటలకు మించి ఉండదు, ధర అన్నిటికంటే పైన. నా స్నేహితుడి సీసా కాబట్టి ఉదారంగా మెచ్చుకుంటున్నాను. నా డబ్బుతో అయితే కొనను.

ధరల అంకెలు రాయడం లేదు, పండగ సేల్‌కు ఒకటి, మామూలు రోజుల్లో ఒకటి. వరస మాత్రం మారదు: అట్టడుగున 4711, దాని పైన కూల్ వాటర్, ఇంకా పైన దాదాపు ఒకే మెట్టు మీద లైట్ బ్లూ, ఆక్వా డి జియో, కొసన జో మలోన్.

ఇవేవీ వద్దనుకుంటే

నిమ్మ, సముద్రం కావాలని వచ్చేవాళ్లలో చాలామందికి నిజంగా కావాల్సింది చల్లదనం. అలాంటివాళ్లకు మనవైపే ఒక దారి ఉంది, వట్టివేరు. కూలర్లకు, గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితే ఇల్లంతా వచ్చే వాసన ఎవరు మరిచిపోతారు? అది వేరు నూనె, చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. నిమ్మకు సరిగ్గా వ్యతిరేకం. చార్మినార్ పక్క గల్లీల్లో ఖస్ అత్తరు అడిగితే చిన్న సీసాలో ఇస్తారు. చెవి వెనక ఒక చుక్క, సాయంత్రం దాకా. పచ్చగా, మట్టిగా, కాస్త పొగగా ఉంటుంది. పక్కనే ఉండే మిట్టీ అత్తరు కన్నౌజ్ నుంచి వస్తుంది. కాల్చిన మట్టిని నీళ్లతో బట్టీ పట్టి గంధపు నూనెలోకి దించుతారు, తొలకరి వాన వాసన.

రెండూ కలవాలంటే గెర్లాన్ వెటివే చూడండి. పైన బెర్గమాట్, నిమ్మ, అడుగంతా వట్టివేరు. నిమ్మ ఎగిరిపోయాక ఏం మిగులుతుందన్న ప్రశ్నకు ఇంతకంటే తిన్నని జవాబు నాకు కనపడలేదు. ఆ ఫ్రెంచి పేరు కూడా మన దక్షిణాది మాటే, తమిళం వెట్టివేర్ నుంచి వెళ్లింది.

మన తీరానికి సొంత పరిమళం లేదా అంటే ఉంది, మొగలి. శ్రీకాకుళం దాటి ఒడిశా గంజాం వైపు వెళ్తే ఇసుక దిబ్బల మీద పొదలు, అక్కడే కేవడా అత్తరు తీస్తారు. కానీ అది తియ్యగా, గుప్పున కొట్టే వాసన. మే నెల సిటీ బస్సులో దానితో ఎక్కితే తోటి ప్రయాణికులు క్షమించరు.

ఊరిని బట్టి, ఒంటిని బట్టి

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం ఎండ పొడి ఎండ. ఒంటి మీది తేమతో పాటు సెంటునూ లాగేస్తుంది. ఇక్కడ నిమ్మ ఇంకా త్వరగా పోతుంది కాబట్టి అడుగు గట్టిగా ఉన్నవి, అంటే వట్టివేరు, లైట్ బ్లూ లాంటివి కొనాలి. స్నానం చేశాక వాసన లేని క్రీమో, కొబ్బరినూనె చుక్కో రాసి దాని మీద కొడితే ఇంకో గంట నిలుస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉక్కలో కథ వేరు. గాలిలోని తేమకు వాసన తేలిగ్గా వ్యాపిస్తుంది, చెమటతో కలుస్తుంది. రెండు స్ప్రేలు నాలుగు కొట్టినంత గట్టిగా తెలుస్తాయి. అక్కడ తీపి ఉన్నది ఏదైనా ప్రమాదమే. సముద్రం పక్కనే ఉంటూ సముద్రపు సెంటు ఎందుకని కూడా నా అనుమానం. కోస్తావాళ్లకు 4711, ఆక్వా డి జియో అయితే ఒకే ఒక్క స్ప్రే.

ఏదైనా సరే, చెమట వాసనను కప్పడానికి సెంటు కొట్టొద్దు. కప్పదు, రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది. స్నానం చేసి, తుడుచుకుని, పొడి ఒంటి మీద కొట్టాలి. నూలు చొక్కా మీద బాగా నిలుస్తుంది. పట్టుచీర మీద, తెల్ల పంచె మీద నేరుగా కొడితే మరకలు పడతాయి.

షాపులో

కాగితం ముక్క మీద వాసన చూడడం పనికిమాలినదని కాదు, పది రకాల్లోంచి రెండింటికి కుదించడానికి పనికొస్తుంది. ఆ రెండింటినీ రెండు చేతుల మీద కొట్టించుకుని, మాల్‌లోంచి బయటికి వచ్చెయ్యాలి. టిఫిన్ తిని, బస్టాపులో నిలబడి, ఎండలో నడిచి, మూడు గంటలయ్యాక చెయ్యి వాసన చూడాలి. అప్పుడు కూడా నచ్చితే వెనక్కి వెళ్లి కొనాలి. మణికట్లు రెండూ కలిపి రుద్దొద్దు. రుద్దితే వేడికి పైనున్న నిమ్మ ఇంకా తొందరగా పోతుంది, పరీక్ష కూడా తప్పుతుంది.

ఒకటే కొంటానంటే, నిమ్మ కోసమైతే లైట్ బ్లూ, నిమ్మా సముద్రమూ రెండూ కావాలంటే ఆక్వా డి జియో ఇడిటి. 50 మిల్లీలీటర్ల సీసా చాలు. పెద్ద సీసాలో మిల్లీలీటరు చవక పడుతుంది, నిజమే, కానీ నిమ్మజాతి సెంట్లు త్వరగా పాతబడతాయి. లిమోనిన్ గాలికి ఆక్సీకరణమై టర్పెంటైన్ వాసన వైపు తిరుగుతుంది. మూడో వేసవికి సీసాలో సగం మిగిలితే, ఆ సగంలో నిమ్మ సగం కూడా ఉండదు.

బజార్లో నకిలీలు కుప్పలు. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉన్న స్టిక్కర్ ఉండాలి. డబ్బా అడుగున, సీసా అడుగున బ్యాచ్ కోడ్ ఒకటే ఉండాలి. సగం ధరకు "దుబాయ్ సరుకు" అన్నవాడిని ఈ రెండూ చూపించమంటే మాట మారుస్తాడు. నిజంగా దుబాయ్ నుంచి వచ్చే బావలుంటే వేరే సంగతి, మన స్టిక్కర్ లేకపోయినా బిల్లు ఉంటుంది. ఆయన విమానంలో చేతి సంచీలో తెచ్చేట్టయితే, ముందే కొన్న సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. డ్యూటీ ఫ్రీలో సీలు వేసి ఇచ్చిన సంచీని దారిలో విప్పకూడదు. మా బావ దోహాలో విమానం మారేటప్పుడు వాసన చూద్దామని విప్పాడు. అక్కడి సెక్యూరిటీ టేబుల్ మీద ఒక ఆక్వా డి జియో ఉండిపోయింది. ఇప్పుడు నా అల్మరాలో ఉన్నది రెండోది.

కారులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. డాష్‌బోర్డులో వారం రోజులు ఎండకు ఉన్న నిమ్మ సెంటు వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. అల్మరాలో బట్టల వెనక, చీకట్లో, దాని డబ్బాలోనే. ఫ్రిజ్‌లో చోటుంటే ఇంకా మంచిది, అత్తగారు అడిగితే యూడీకొలోన్ అని చెప్పండి.